షికాగో–మిల్వాకీ రోడ్ ట్రిప్‌లో బేస్‌బాల్ మ్యాచ్: రిగ్లీ ఫీల్డ్‌కి కారులోనే వెళ్లొచ్చా?

ప్రశ్న: కొలంబస్_కుటుంబం

అందరికీ నమస్కారం. జూన్ చివర్లో ఐదు రోజుల రోడ్ ట్రిప్ వేసుకుంటున్నాం. ఒహాయోలోని కొలంబస్ నుంచి షికాగో, అక్కణ్ణుంచి మిల్వాకీ, తిరిగి ఇంటికి. మధ్యలో అరోరా బాలాజీ గుడి తప్పనిసరి. మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు, రాజమండ్రి నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. మొత్తం ఐదుగురం.

మామయ్యగారికి క్రికెట్ అంటే ప్రాణం. ఒక్క మేజర్ లీగ్ మ్యాచ్ అయినా స్టేడియంలో కూర్చోబెట్టి చూపించాలని ఉంది. అయితే ఆయనకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. అత్తయ్యగారు గుడ్డు కూడా ముట్టరు. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియమా, మిల్వాకీయా? సామాను నిండా ఉన్న కారు ఎక్కడ పెట్టాలి? సీట్లు ఎటువైపు తీసుకోవాలి? వాన పడితే మన టికెట్ గతేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు 1: రెడ్‌లైన్_రోజూ

ముందు కారు సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే ఉంటాయి. రిగ్లీ ఫీల్డ్ దాకా కారు తీసుకెళ్లొద్దు. 1914లో కట్టిన స్టేడియం అది, ఇళ్ల మధ్యలో, క్లార్క్, అడిసన్ వీధులు కలిసేచోట ఉంటుంది. చుట్టూ పెద్ద పార్కింగ్ లాట్లు లేవు. ఉన్న చిన్న లాట్లలో మ్యాచ్ రోజు ధర మండిపోతుంది. పైగా కొన్నిచోట్ల ఒకదాని వెనక ఒకటి బిగించి పెట్టిస్తారు, వెనకవాళ్లు వచ్చి తీస్తేగానీ మీ కారు కదలదు. వీధిలో పెడదామంటే, రాత్రి మ్యాచ్ ఉన్నప్పుడు చుట్టుపక్కల వీధులన్నీ పర్మిట్ ఉన్నవాళ్లకే. 383 అని అంకె ఉన్న బోర్డు కనబడితే అక్కడ ఆపకండి. జరిమానాతో పోదు, బండిని లాక్కెళ్లిపోతారు. సామానుతో సహా.

మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనతో వెళ్లడానికి నాకు తెలిసి అన్నిటికంటే సుఖమైన దారి స్కోకీ. ఐ-94ని అక్కడ ఈడెన్స్ అంటారు. దాని మీద డెంప్‌స్టర్ స్ట్రీట్ ఎగ్జిట్ తీసుకుని తూర్పుకి కొంచెం వెళ్తే డెంప్‌స్టర్–స్కోకీ స్టేషన్, పక్కనే పార్కింగ్ లాట్. అక్కడ ఎల్లో లైన్ ఎక్కి చివరి స్టేషన్ హోవార్డ్‌లో దిగాలి, అక్కడే రెడ్ లైన్‌కి మారాలి. స్టేషన్ బయటికి వెళ్లక్కర్లేదు, మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. రెడ్ లైన్‌లో అడిసన్‌లో దిగితే స్టేడియం కళ్లెదురుగా ఉంటుంది. డెంప్‌స్టర్, హోవార్డ్, అడిసన్ మూడింటిలోనూ లిఫ్టులున్నాయి. ఒక్క వెంట్రా కార్డులో (రైలు, బస్సు టికెట్ కార్డు) సరిపడా డబ్బు వేసుకుంటే ఐదుగురూ దాన్నే వరసగా ఆనించి లోపలికి వెళ్లొచ్చు.

రెండు జాగ్రత్తలు. వారం మధ్యలో ఆఫీసులకి వెళ్లేవాళ్లతో ఆ లాట్ పొద్దున్నే నిండుతుంది, కాబట్టి శుక్రవారం మ్యాచ్ అయితే తొందరగా చేరండి. రెండోది, రెడ్ లైన్ ఇరవై నాలుగ్గంటలూ నడుస్తుంది, ఎల్లో లైన్ నడవదు. రాత్రి మ్యాచ్ అయితే ఆఖరి ఎల్లో రైలు ఎప్పుడో ముందే చూసుకోండి.

ఇంకో మాట, కొత్తవాళ్లు తరచూ పొరపడేది ఇక్కడే. షికాగో మెట్రోలో అడిసన్ పేరుతో మూడు స్టేషన్లున్నాయి. రెడ్ లైన్‌లో ఒకటి, బ్రౌన్ లైన్‌లో ఒకటి, బ్లూ లైన్‌లో ఒకటి. స్టేడియం పక్కనున్నది రెడ్ లైన్ అడిసన్ ఒక్కటే. బ్రౌన్ లైన్‌ది దాదాపు ఒక మైలు పడమరగా ఉంటుంది, బ్లూ లైన్‌ది ఇంకా చాలా దూరం. ఫోన్లో అడిసన్ అని మాత్రం కొట్టి రైలెక్కితే మామయ్యగారిని నడిపించాల్సి వస్తుంది. ఓ'హేర్ విమానాశ్రయం దగ్గర హోటల్ తీసుకుంటే బ్లూ లైన్ అడిసన్‌లో దిగి 152 నంబర్ బస్సు తూర్పువైపుకి ఎక్కొచ్చు, అది స్టేడియం ముందే ఆగుతుంది. కాకపోతే మ్యాచ్ ముందు గంటలో ఆ రోడ్డు మీద బస్సు నత్తనడక నడుస్తుంది.

సామాను మాత్రం హోటల్ గదిలోనే ఉండాలి. గది ఇంకా ఇవ్వకపోతే కౌంటర్ దగ్గర ఇచ్చి వెళ్లండి. స్టేషన్ లాట్‌లో డిక్కీ తెరిచి, సర్ది, మూసి వెళ్లడం అంటే లోపల ఏముందో చూసేవాళ్లకి చూపించడమే.

జవాబు 2: మూడో_బేస్_వైపు

సీట్ల గురించి చెప్తాను. ఇక్కడ చాలామంది ధర చూసి కొనేసి నష్టపోతారు.

రిగ్లీలో హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు, నైరుతి మూలన ఉంటుంది, ఈశాన్యంవైపు చూస్తుంది. వాస్తు ప్రకారం అనుకోకండి, బ్యాటర్ కళ్లల్లో సాయంత్రం ఎండ పడకుండా చాలా స్టేడియాలని సుమారుగా ఇలాగే కడతారు. దానివల్ల మధ్యాహ్నం మ్యాచ్‌లో మూడో బేస్ వైపు (బ్యాటర్‌కి ఎదురుగా చూస్తే ఎడమ పక్క), హోమ్ ప్లేట్ వెనక సీట్లకి ముందు నీడ వస్తుంది. మొదటి బేస్ వైపు (కుడి పక్క), మైదానం అవతలి చివర అవుట్‌ఫీల్డ్‌లో ఉండే బ్లీచర్ల (కప్పు లేని బల్లల) వాళ్లకి చివరిదాకా ఎండే. పెద్దవాళ్లున్నారు కాబట్టి మూడో బేస్ వైపు 200 అంకెలతో మొదలయ్యే సెక్షన్లు చూడండి. పై అంతస్తే వాటికి కప్పు, ఎండ నుంచీ చినుకుల నుంచీ కాపాడుతుంది.

కానీ ఆ 200 సెక్షన్లలోనే చిక్కుంది. పై అంతస్తుని మోసే ఇనప స్తంభాలు సీట్ల మధ్యనే నిలబడి ఉంటాయి. స్తంభం వెనక సీటు పడితే పిచరో (బంతి వేసేవాడు) బ్యాటరో, ఒకరు కనబడరు. బాగా వెనక వరసల్లో కూర్చుంటే ఎత్తుగా లేచిన బంతి కప్పు వెనక్కి వెళ్లి మాయమవుతుంది, స్కోర్‌బోర్డు కూడా తెగిపోతుంది. అందుకని 200ల్లో ముందు వరసలు మాత్రమే కొనండి. టికెట్ వివరాల్లో చూపుకి అడ్డు ఉందని రాసి ఉంటే వదిలేయండి. ఆ సెక్షన్ నుంచి మైదానం ఎలా కనబడుతుందో ఫొటోలు నెట్‌లో దొరుకుతాయి, కొనేముందు రెండు నిమిషాలు చూసుకోండి.

300, 400 సెక్షన్లు పై అంతస్తు. మైదానానికి దగ్గరగానే ఉంటాయి, చూపు చక్కగా ఉంటుంది, గాలి మాత్రం బాగా తగులుతుంది. మోకాళ్లకి కష్టం, మీకు వద్దు. బ్లీచర్లలో సీటు నంబర్ ఉండదు, ముందొచ్చినవాళ్లది ముందు సీటు, వీపు ఆనించడానికి ఏమీ ఉండదు. దాని గేటు కూడా వేరు, వేవ్‌లాండ్, షెఫీల్డ్ వీధుల మూలన. కుర్రాళ్లకి బాగుంటుంది గానీ అత్తయ్యగారికి కాదు.

బాబుతో ఉన్నారు కాబట్టి ఇంకోటి. బంతి అడ్డంగా సీట్లలోకి దూసుకొస్తుంది, క్రికెట్‌లోలా దొర్లుకుంటూ రాదు. మేజర్ లీగ్ ముప్పై స్టేడియాల్లోనూ హోమ్ ప్లేట్ వెనక నుంచి డగౌట్లు (ఆటగాళ్లు కూర్చునే చోట్లు) దాటేదాకా వల కట్టారు. వల వెనక సీటు తీసుకోండి. వల దాటాక ముందు వరసల్లో కూర్చుంటే ప్రతి బంతికీ తలెత్తి చూడాలి, ఫోన్ చూస్తూ కూర్చోకూడదు.

జవాబు 3: బ్రూవర్స్_పక్షం

మీ పరిస్థితికి నా ఓటు మిల్వాకీకి. కారణం ఒక్కటే: రోడ్ ట్రిప్‌లో తేదీ కదలదు.

ఐదు ఇన్నింగ్స్ పూర్తయ్యాక వానతో ఆట ఆపేస్తే అది పూర్తయిన ఆట కిందే లెక్క, మీ టికెట్ అక్కడితో సరి. హోమ్ టీమ్ ఆధిక్యంలో ఉంటే నాలుగున్నర ఇన్నింగ్స్ చాలు. అసలు మొదలే కాకపోతే మామూలుగా ఆ టికెట్ వాయిదా పడిన తేదీకి చెల్లుతుంది. షికాగోలో ఉండేవాళ్లకి అది చాలు. కొలంబస్ నుంచి వచ్చినవాళ్లకి ఏం లాభం? మిల్వాకీలోని అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్‌కి తెరుచుకునే పైకప్పు ఉంది. విసనకర్రలా విచ్చుకుంటుంది, మూసుకోవడానికి సుమారు పది నిమిషాలు. వాన వల్ల మ్యాచ్ రద్దవడం అనే భయమే లేదు.

కారు కూడా సమస్య కాదు. 2001లో తెరిచిన స్టేడియం, ఐ-94 పక్కనే, చుట్టూ కారు లాట్లే. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొంటే గేటు దగ్గరకంటే తక్కువ పడుతుంది. మ్యాచ్‌కి ముందు ఆ లాట్లలో జనం కుర్చీలు వేసుకుని, పొయ్యి పెట్టుకుని వండుకుని తింటారు. టెయిల్‌గేటింగ్ అంటారు. మీకు ఇదొక వరం. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ కారు వెనక పెట్టుకుని అందరూ హాయిగా తినేసి లోపలికి వెళ్లొచ్చు, అత్తయ్యగారి తిండి గురించి లోపల వెతుక్కోవక్కర్లేదు. మడత కుర్చీలు రెండు తెచ్చుకోండి. బొగ్గుల పొయ్యి పెడితే, చల్లారని బొగ్గులు మామూలు చెత్తడబ్బాలో వేయకూడదు, లాట్‌లో వాటికి విడిగా డబ్బాలుంటాయి.

బాబుకి రెండు సంగతులు ముందే చెప్పి ఉంచండి. మిల్వాకీ జట్టు బ్రూవర్స్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టినప్పుడల్లా లెఫ్ట్ ఫీల్డ్ పైనుంచి బెర్నీ బ్రూవర్ అనే మస్కట్ జారుడుబల్ల మీద జర్రున జారతాడు. ఆరో ఇన్నింగ్స్ మధ్యలో ఐదు సాసేజ్ వేషాలు మైదానం అంచున పరుగు పందెం పెట్టుకుంటాయి. మొదటి ఇన్నింగ్స్‌లోనే తను దేనిమీద పందెం వేస్తాడో చెప్పించండి, అప్పటిదాకా కదలకుండా కూర్చుంటాడు.

రిగ్లీకి ఉన్న చరిత్ర దీనికి లేదు, అది నిజం. ఆ పాత గోడలు చూడాలంటే రిగ్లీకే వెళ్లాలి.

కొలంబస్_కుటుంబం

చాలా థాంక్స్ అండీ. మామయ్యగారు రిగ్లీ ఫొటో చూసి అక్కడికే అన్నారు. శుక్రవారం మధ్యాహ్నం 1:20 మ్యాచ్ కనబడుతోంది. ఆ రోజు కప్పు ఉన్న సీట్లు తీసుకుంటాం. టికెట్, బ్యాగు, తిండి నియమాలు చెప్పగలరా? ఆయనకి ఆట ముందే కొంచెం వివరించాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు 4: డెవాన్_దగ్గర

శుక్రవారం మధ్యాహ్నం మంచి ఎంపిక. రిగ్లీలో 1988 ఆగస్టు దాకా లైట్లే లేవు, అందుకే పగటి మ్యాచ్‌ల ఆనవాయితీ ఇంకా నిలిచింది. 1:20 అంటే షికాగో టైమ్. ఇండియానా చాలావరకు మీ ఈస్టర్న్ టైమ్‌లోనే ఉంటుంది గానీ షికాగో పక్కనున్న వాయవ్య మూల మాత్రం సెంట్రల్. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు ఆ గంట పోతుంది. తిరుగు ప్రయాణం లెక్కలో మరిచిపోకండి.

టికెట్ ఫోన్లోనే ఉంటుంది. ఎమ్‌ఎల్‌బీ బాల్‌పార్క్ అనే యాప్ దించుకుని, ఐదు టికెట్లూ తెరిచి ఫోన్ వాలెట్‌లోకి ముందురోజే ఎక్కించుకోండి. గేటు దగ్గర వేలమంది ఒకేసారి తెరుస్తారు, సిగ్నల్ మందగిస్తుంది. స్క్రీన్‌షాట్‌ని నమ్ముకోకండి. ఒకరి ఫోన్లోనే ఐదూ ఉంటే ఐదుగురూ కలిసే లోపలికి వెళ్లాలి, ఒకరు పార్కింగ్ దగ్గర ఆగిపోతే మిగతావాళ్లూ ఆగాల్సిందే. అందుకని రెండు మీ ఫోన్లో, మూడు మీవారి ఫోన్లో పెట్టుకోండి. ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరు, అది కూడా పెద్దవాళ్లకి ముందే చెప్పండి.

బ్యాగు కొలత చాలా స్టేడియాల్లో 16 అంగుళాలు, 16 అంగుళాలు, 8 అంగుళాలు. అంతకంటే పెద్దది రానివ్వరు. కొన్నిచోట్ల వీపు సంచి అసలు ఒప్పుకోరు, కాబట్టి టీమ్ వెబ్‌సైట్‌లో ఆ పేజీ ముందురోజు చూడండి. మందులు చేతిసంచిలో విడిగా, డబ్బా మీద పేరు కనబడేలా పెట్టండి.

తిండి విషయంలో జాగ్రత్త. షికాగోలో హాట్ డాగ్ అంటే ఆవు మాంసం. ఆవాల పేస్టు, ఉల్లి, టమాటా, ఊరబెట్టిన దోస, చిన్న పచ్చిమిరపకాయలు వేసి చూడ్డానికి కూరగాయల రొట్టెలా ఉంటుంది, మోసపోకండి. మిల్వాకీలో బ్రాట్‌వర్స్ట్ అంటే ఎక్కువగా పంది మాంసం. అత్తయ్యగారికి లోపల ఖాయంగా దొరికేవి పాప్‌కార్న్, ఫ్రెంచ్ ఫ్రైస్, పెంకుతో వేయించిన వేరుశెనక్కాయలు. ఫ్రైస్ ఏ నూనెలో వేయిస్తున్నారో, అందులోనే మాంసం వేయిస్తారో అడగండి, చెప్తారు. కేక్, కుకీల్లో గుడ్డు ఉంటుంది.

ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు గానీ ఒక్కొక్కరికి ఒక్కో పొట్లంగా ఉండాలి. పెద్ద స్టీల్ క్యారేజీ తీసుకెళ్తే మెటల్ డిటెక్టర్ దగ్గర ఆపేస్తారు. పులిహోర, ఇడ్లీ లాంటివి జిప్ ఉన్న పారదర్శకమైన కవర్లలో ఐదు పొట్లాలు కట్టండి. పెరుగన్నం కారుతుంది, వద్దు. గాజు సీసా, డబ్బా డ్రింకు రానివ్వరు. సీలు తీయని ప్లాస్టిక్ నీళ్ల బాటిల్ పర్వాలేదు. లోపల చాలాచోట్ల నగదు తీసుకోరు, మామయ్యగారి చేతికి ఒక కార్డు ఇచ్చి ఉంచండి.

జూనే కదా అని స్వెటర్ మానేయకండి. మిషిగన్ సరస్సు మైలు లోపే ఉంది. గాలి అటునుంచి తిరిగిందంటే నీడలో కూర్చున్నవాళ్లకి చలేస్తుంది.

జవాబు 5: ఎడమచేతి_పిచర్

మామయ్యగారికి బేస్‌బాల్‌ని కొత్త ఆటగా చెప్పకండి, క్రికెట్‌లో ఏం తీసేశారో, ఏం మార్చారో చెప్పండి. అరగంటలో పట్టేస్తారు.

టాస్ లేదు, అతిథి జట్టే ముందు బ్యాటింగ్. మూడు వికెట్లు పడితే అవతలివాళ్ల వంతు. అలా తొమ్మిది సార్లు. అవుటైన బ్యాటర్ ఇంటికెళ్లడు, తొమ్మిదిమంది వరస తిరిగాక మళ్లీ వస్తాడు. వెనక్కి కొట్టడం, లేట్ కట్ లాంటివి పనికిరావు. రెండు తెల్లగీతల మధ్య, ముందుకి పడితేనే ఆట, బయట పడితే ఫౌల్. కానీ ఫౌల్ బంతిని గాల్లో పట్టుకున్నా అవుటే. మన పిచ్ 66 అడుగులు, ఇక్కడ పిచర్ నిలబడేది 60 అడుగుల 6 అంగుళాల దూరంలో, బంతి నేల తాకకుండా వస్తుంది. స్పిన్నర్ ఎక్కడ అని ఆయన అడుగుతారు. బంతి గాల్లోనే వంపు తిరుగుతుంది, నెమ్మదిగా వచ్చి చివర్లో కిందికి పడిపోయే కర్వ్‌బాల్ చూపించండి, అదే వీళ్ల స్పిన్.

ఆయన మొదట చిరాకుపడేది స్ట్రైక్ దగ్గర. కొట్టకపోయినా స్ట్రైక్ అంటారేంటని. హోమ్ ప్లేట్ 17 అంగుళాల వెడల్పు. ఆ వెడల్పులో, బ్యాటర్ మోకాలి నుంచి ఛాతీ కింద దాకా కనబడని స్టంపులు పాతి ఉన్నాయనుకోమనండి. వాటికి తగిలేలా వచ్చిన బంతిని వదిలేస్తే స్ట్రైక్, మూడైతే అవుట్. వాటి బయట వేసిన బంతిని వదిలేస్తే బాల్, నాలుగు వేస్తే ఊరికే మొదటి బేస్. ఫౌల్ కొడితే అదీ స్ట్రైకే, కానీ మామూలుగా మూడో స్ట్రైక్ మాత్రం ఫౌల్‌తో పడదు. ఇంత తెలిస్తే బోర్డు మీద బీ, ఎస్, ఓ అక్షరాల పక్కన అంకెలు అర్థమైపోతాయి: బాల్స్, స్ట్రైక్స్, అవుట్లు.

ఇక రిగ్లీలో కళ్లు ఎక్కడ పెట్టాలో చెప్తాను. సెంటర్ ఫీల్డ్ వెనక ఆకుపచ్చ స్కోర్‌బోర్డు 1937 నాటిది. లోపల మనుషులుంటారు. రన్ పడగానే ఆ చదరపు కిటికీలోంచి పాత అంకె పలక వెనక్కి పోయి కొత్తది వస్తుంది, ఒక్కోసారి ఖాళీ కిటికీలోంచి మనిషి తొంగి చూడటం కూడా కనబడుతుంది. వేరే ఊళ్లలో ఆడుతున్న మ్యాచ్‌ల స్కోర్లూ చేత్తోనే మారుస్తారు. బ్యాటర్ కొట్టిన బంతి ఇంతవరకూ ఆ బోర్డుకి తగల్లేదు. మ్యాచ్ అయ్యాక దాని మీద జెండా ఎగరేస్తారు. తెల్ల జెండా మీద నీలం డబ్ల్యూ ఉంటే రిగ్లీ సొంత జట్టు కబ్స్ గెలిచినట్టు, నీలం జెండా మీద తెల్ల ఎల్ అయితే ఓడినట్టు. రైల్లో వెళ్లేవాళ్లకి కూడా తెలియాలని.

అవుట్‌ఫీల్డ్ ఇటుక గోడ నిండా తీగ, అదీ 1937లో నాటిందే. జూన్‌కి దట్టంగా పచ్చగా ఉంటుంది. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుంటే ఫీల్డర్ వెంటనే రెండు చేతులూ పైకెత్తాలి. ఎత్తితే బ్యాటర్‌కి రెండు బేసులు ఇచ్చి ఆట ఆపుతారు. చేతులెత్తకుండా ఆకుల్లో వెతకడం మొదలుపెట్టాడంటే ఆట నడుస్తున్నట్టే, బ్యాటర్ పరుగెడుతూనే ఉండొచ్చు. బంతి గోడవైపు వెళ్లినప్పుడు మామయ్యగారిని బంతిని కాదు, ఆ ఫీల్డర్ చేతుల్ని చూడమనండి.

2023లో పిచ్ క్లాక్ (పిచర్ బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం) వచ్చాక ఆట రెండు గంటల నలభై నిమిషాల చుట్టూ అయిపోతోంది, కాబట్టి పెద్దవాళ్లకి భారం కాదు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాడతారు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే దానికి ముందే, ఆరో ఇన్నింగ్స్ నడుస్తుండగా వెళ్లిరండి, ఒక ఇన్నింగ్స్ అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు వెళ్తే పెద్ద వరస.

జవాబు 6: రెడ్‌లైన్_రోజూ

ఒక్క మాట కలుపుతాను. మ్యాచ్ అవ్వగానే అడిసన్ స్టేషన్‌కి పరుగెత్తకండి, మెట్ల దాకా జనం నిలబడి ఉంటారు, లిఫ్టుకీ అంతే. స్టేడియం పడమటి పక్కన గ్యాలగర్ వే అని ఖాళీ స్థలం ఉంది. అక్కడ అరగంట కూర్చోండి, బాబు పరుగెత్తుకుంటాడు, స్టేషన్ ఈలోపు ఖాళీ అవుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు రైలు మీద హోవార్డ్ అని ఉండాలి. 95వ వీధి అని ఉన్నది డౌన్‌టౌన్ మీదుగా దక్షిణానికి పోతుంది, షికాగో రెండో జట్టు వైట్ సాక్స్ స్టేడియం అటువైపుంది.

శనివారం పొద్దున అరోరా గుడి పెట్టుకోండి. శుక్రవారం మ్యాచ్‌కి ముందు పెట్టుకుంటే దర్శనం, ప్రసాదం అయ్యి స్కోకీ చేరేసరికి లాట్ నిండిపోయి ఉంటుంది.